నాన్న కాలి గడ్డకు పెట్ స్కాన్ తీయించాలా?

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి స్కూల్ టీచర్ ఒకరు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. పొడవైన ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

ఆమె నాన్నగారికి 66 ఏళ్లు. కొబ్బరి తోట ఉంది, కాస్త వరి కూడా. కిందటి ఆగస్టులో గోదావరికి వరద వచ్చిన రోజుల్లో ఆయనకు జ్వరం తగిలింది. ఐదారు రోజులు మంచం మీదే ఉన్నారు. భోజనానికి, బాత్రూముకి మాత్రం లేచేవారు. జ్వరం తగ్గాక వారానికి ఎడమ కాలు పిక్క నుంచి తొడ దాకా వాచింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు చూసి బోదకాలని మాత్రలిచ్చాడు. మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు మేడ మెట్లెక్కుతూ ఆయన ఆయాసంతో కూలబడిపోయారు. రాజమండ్రి తీసుకెళితే డాప్లర్ స్కాన్‌లో (రక్తనాళాలను చూసే అల్ట్రాసౌండ్) తొడ దగ్గరి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. కొన్ని ముక్కలు ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్లాయని సీటీ స్కాన్‌లో కనిపించింది. ప్రాణం దక్కింది. ఆరు నెలలు రక్తం పలచబడే మాత్రలు వాడారు.

ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి ఆ కాలు మళ్లీ పొంగుతోంది. మళ్లీ డాప్లర్ తీస్తే "పాత గడ్డ కొంత మిగిలి ఉంది, సిర పూర్తిగా తెరుచుకోలేదు" అని రిపోర్టు వచ్చింది. రాజమండ్రి డాక్టరు ఇక మాత్రలు ఆపొచ్చన్నారు. కాకినాడలో చూపించిన రెండో డాక్టరు జీవితాంతం వాడాలన్నారు.

బోస్టన్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు, రక్తపు గడ్డకే వెళ్లి అతుక్కుని పెట్ స్కాన్‌లో మెరిసే కొత్త మందుల గురించి చదివాడు. "వైజాగ్‌లో పెట్ స్కాన్ బుక్ చేస్తాను, డబ్బు నేను పంపుతాను, ఒళ్లంతా చూపించు" అని రోజూ ఫోన్. నాన్నగారు వెళ్లనంటున్నారు. ఆ ఊళ్లో పెట్ స్కాన్‌కి వెళ్లినవాళ్లందరూ క్యాన్సర్ రోగులే. "నాకేదో ఉందని దాస్తున్నారా?" అని కూతుర్ని నిలదీశారు. స్కాన్ వద్దని ఆమె అంటే తమ్ముడు, "నువ్వు పక్కనే ఉండి కదక్కా, మూడు వారాలు బోదకాలనుకున్నావు" అన్నాడు. ఆ మాట తర్వాత ఇద్దరి మధ్యా వాట్సాప్ తప్ప మాటల్లేవు.

స్కాన్ తీయించాలా, మాత్రలు ఆపాలా, తమ్ముడికి ఏం చెప్పాలి? ఇవీ ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర, సంతకం కింద ఒక వాక్యం: "ఈ గొడవలో మాత్రలు అయిపోయి ఐదు రోజులైంది, మళ్లీ కొనలేదు."

జవాబు:

అమ్మా, మీరు చివర్లో రాసిన దానితోనే మొదలుపెడతాను. ఇది చదివిన వెంటనే ఇద్దరు డాక్టర్లలో ఎవరికో ఒకరికి ఫోన్ చేసి, మాత్రలు ఐదు రోజుల క్రితం అయిపోయాయని చెప్పండి. ఆపాలని నిర్ణయించుకుని ఆపడం వేరు, ఎవరూ నిర్ణయించకుండా ఆగిపోవడం వేరు. నిర్ణయం తేలేదాకా పాత మాత్రే, పాత మోతాదులోనే కొనసాగించమని ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు. ఆ మాట మీ డాక్టరు నోటి నుంచే వినండి. ఏ మాత్ర వాడుతున్నారో మీరు రాయలేదు. వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ అయితే మళ్లీ మొదలుపెట్టాక, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించాలో కూడా అడగండి. ఈలోగా ఉన్నట్టుండి ఆయాసం రావడం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. తెల్లారనిద్దాం అనుకోకండి.

మీ మూడు ప్రశ్నల్లో స్కాన్ సంగతి తేలిక, కాబట్టి ముందు అది చెబుతాను.

మీ తమ్ముడు చదివింది అబద్ధం కాదు. గడ్డలో ముఖ్యంగా రెండుంటాయి. ఒకటి ఒకదానికొకటి అంటుకుపోయే ప్లేట్‌లెట్లు, రెండోది వాటిని పట్టి ఉంచే ఫైబ్రిన్ అనే పీచు. ఈ రెంటిలో ఒకదానికి మాత్రమే అతుక్కునే చిన్న అణువును తయారుచేసి, దానికి కొద్దిపాటి రేడియోధార్మిక పరమాణువును తగిలించి సూదిమందుగా ఇస్తారు. అది ఒళ్లంతా తిరిగి గడ్డ ఉన్నచోట ఆగుతుంది, అక్కడి నుంచి వచ్చే సంకేతాన్ని పెట్ యంత్రం పట్టుకుంటుంది. ఫైబ్రిన్‌కి అతుక్కునే ఎఫ్‌బీపీ8 అనే మందును మీ తమ్ముడు ఉంటున్న బోస్టన్‌లోనే, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు తయారుచేశారు. మనుషుల్లో వచ్చిన తొలి ఫలితాలు 2022లో ప్రచురించారు. గుండె లయ తప్పినవాళ్లకు గుండె ఎడమ పై గదిలో గడ్డ ఉందా అని చూడాలంటే గొంతులోంచి గొట్టం దించాలి. ఆ గొట్టం లేకుండా చూడొచ్చా అన్నది వాళ్ల ప్రశ్న. ప్లేట్‌లెట్లకు అతుక్కునే జీపీ1 అనే మందును దక్షిణ కొరియాలో, సియోల్‌లోని అసాన్ మెడికల్ సెంటర్‌లో 20 మందికి ఇచ్చి చూసి, 2019లో ప్రచురించారు. ఇరవై మందిలోనూ గడ్డ ఆనవాలు కనిపించింది. మామూలు పరీక్షల్లో దొరకని పిక్క సిరల్లో కూడా కొందరిలో మెరిసింది. అయితే ఒక్కో రక్తనాళాన్ని విడిగా లెక్కేస్తే, కాళ్ల సిరల్లో నూటికి 89 పట్టిన ఆ స్కాన్ ఊపిరితిత్తుల నాళాల్లో 60 మాత్రమే పట్టింది. మీ నాన్నగారికి ప్రాణం మీదికి తెచ్చింది ఊపిరితిత్తుల గడ్డే అని గుర్తుంచుకోండి.

ఈ ఆలోచన నిన్నమొన్నటిది కూడా కాదు. 1998లోనే అమెరికాలో ఆక్యుటెక్ట్ అనే సూదిమందుకు అనుమతి ఇచ్చారు. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం తగిలించిన ఆ మందు కూడా ప్లేట్‌లెట్లకు అతుక్కునేదే, గామా కెమెరాతో చూసేవారు. అయినా డాప్లర్‌ను అది పక్కకు నెట్టలేకపోయింది. సిర మీద డాప్లర్ పరికరంతో నొక్కితే మామూలు సిర నలిగి మూసుకుపోతుంది, గడ్డ ఉన్న సిర నలగదు. ఇంత చవకైన, సూది కూడా లేని పరీక్షతో ఏ కొత్త మందు పోటీపడాలన్నా, డాప్లర్ చెప్పలేని సంగతి ఏదో చెప్పాలి.

అలాంటి సంగతి ఒకటి ఉంది. అది మీ ఇంటి ప్రశ్నే: ఈ గడ్డ పాతదా, కొత్తదా? గోదావరిలో మొన్న వరదకు పడ్డ మేట అడుగేస్తే దిగిపోతుంది, గడ్డి మొలిచిన పాత మేట మీద పశువులు తిరిగినా కదలదు. గడ్డ కూడా నెలలు గడిచేకొద్దీ ఫైబ్రిన్ తగ్గి గట్టి మచ్చలా సిర గోడకు కరుచుకుపోతుంది. డాప్లర్‌కు రెండూ చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. ఫైబ్రిన్‌ను వెతికే మందు మాత్రం కొత్తదాని దగ్గర ఎక్కువ, పాతదాని దగ్గర తక్కువ మెరవాలి. ఎలుకల్లో అలాగే జరిగింది. రేపు ఇది మామూలు వైద్యంలోకి వస్తే మీ నాన్నగారి లాంటివాళ్లకే ముందు పనికొస్తుంది. మీ తమ్ముడి ఉత్సాహంలో తప్పేమీ లేదని చెప్పడానికే ఇంత రాశాను.

అసలు చిక్కు వేరే ఉంది. వైజాగ్‌లో బుక్ చేస్తానంటున్న స్కాన్‌లో ఆ మందు ఉండదు. పెట్ యంత్రం ఒకటే అయినా, ఏం కనబడుతుందన్నది లోపలికి ఎక్కించే మందును బట్టి ఉంటుంది. మన దగ్గర మామూలుగా ఎక్కించేది ఎఫ్‌డీజీ, అంటే రేడియోధార్మికత తగిలించిన గ్లూకోజు. గ్లూకోజును ఎక్కువగా తినే కణాలు దాంతో మెరుస్తాయి. క్యాన్సర్ మెరుస్తుంది, చీము పట్టిన చోటు మెరుస్తుంది, అరిగి వాచిన మోకాలు కూడా మెరుస్తుంది. గడ్డ తాజాగా ఉన్నప్పుడు సిర చుట్టూ వాపు ఉంటే అక్కడా కాస్త మెరవొచ్చు. కానీ ఆరు నెలల తర్వాత దాన్ని చూసి "ఇది పాతది, మాత్రలు ఆపండి" అని ఏ డాక్టరూ ధైర్యంగా చెప్పరు. గడ్డకే అతుక్కునే మందులు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. దూరం నుంచి తెప్పించి దాచుకునేవీ కావు: జీపీ1కి తగిలించే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 రెండు గంటల లోపే, 110 నిమిషాలకే సగమైపోతుంది. ఎఫ్‌బీపీ8కి తగిలించే రాగి-64 సగమవడానికి 12.7 గంటలు పడుతుంది. డబ్బు కడతామంటే ఇచ్చేవి కావు, పరిశోధనకు కావాల్సిన లక్షణాలున్న రోగులను వాళ్లే ఎంచుకుంటారు. "నాన్నని బోస్టన్ తీసుకొస్తాను" అని తమ్ముడంటే, ముందు ఆ పరిశోధన బృందానికి మెయిల్ రాసి జవాబు తెప్పించుకోమనండి. ఊపిరితిత్తుల్లో గడ్డ వచ్చిన మనిషిని ఇరవై గంటల విమాన ప్రయాణం చేయించేముందు ఆ మాత్రం కనుక్కోవాలి.

క్యాన్సర్ భయం గురించి కూడా చెప్పాలి. మీ నాన్నగారి అనుమానాన్ని మీరు "పిచ్చి భయం" అని రాశారు. పూర్తిగా అలా కొట్టిపారేయలేం. ఏ కారణమూ లేకుండా పెద్ద సిరలో గడ్డ కట్టినవాళ్లలో కొద్దిమందికి తర్వాత క్యాన్సర్ బయటపడుతుంది. 2015లో కెనడాలో 854 మందిని ఏడాది పాటు గమనిస్తే నూటికి నలుగురిలో తేలింది. వాళ్లలో సగం మందికి మామూలు పరీక్షలకు తోడు పొట్ట సీటీ కూడా తీశారు. దానివల్ల అదనంగా మేలేమీ కనబడలేదు. ఫ్రాన్స్‌లో 2016లో పెట్ స్కాన్‌తోనే ఇలాంటి పరిశోధన చేశారు, అక్కడా మేలు కచ్చితంగా తేలలేదు. కాబట్టి చేయాల్సింది చిన్నదే. బరువు తగ్గారా, ఆకలి ఎలా ఉంది, మలంలో రక్తం పడుతోందా, మూత్రానికి ఇబ్బంది ఉందా అని ఆయన్ని అడగాలి. డాక్టరు ఒకసారి ఒళ్లంతా పరీక్షించాలి. మామూలు రక్త పరీక్షలు చేయించాలి. ఛాతీ సీటీ ఎలాగూ తీశారు. ఇవన్నీ బాగుంటే అంతకుమించి వెతకక్కర్లేదు. ఈ సంగతి నాన్నగారికి ఎదురుగా కూర్చుని చెప్పండి. కాలు ఆయనది, మీరూ తమ్ముడూ ఫోన్లలో వాదించుకుంటున్నది ఆయన గురించే. "ఏమీ లేదులే నాన్నా" అని దాటేస్తే ఆయన అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ఇక మాత్రలు. ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారని మీరు బెంగపడుతున్నారు. నేను మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాజమండ్రి డాక్టరుకు వరద జ్వరం సంగతి చెప్పినట్టు రాశారు. కాకినాడ డాక్టరుకు రిపోర్టులు చూపించానని మాత్రమే రాశారు. తేడా అక్కడే వచ్చిందని నా అనుమానం. గడ్డ ఎందుకు కట్టిందన్న దాన్ని బట్టే మాత్రలు ఎంతకాలం వాడాలో నిర్ణయిస్తారు. ఆపరేషన్ తర్వాత కట్టిన గడ్డయితే కారణం తెలిసిందే, ఆ కారణం ఇప్పుడు లేదు. మాత్రలు ఆపాక ఏడాదిలో మళ్లీ వచ్చేది నూటికి ఒక్కరికి. ఏ కారణమూ దొరక్కపోతే ఆపిన మొదటి ఏడాదిలో నూటికి పదిమందికి, ఐదేళ్లలో పాతికమందికి, పదేళ్లలో ముప్పైఆరుగురికి మళ్లీ వస్తుంది. జ్వరంతో మూడు రోజులకు పైగా మంచం పట్టడాన్ని చిన్నపాటి కారణంగా లెక్కేస్తారు. ముప్పు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. రాజమండ్రి డాక్టరు మీ నాన్నగారిని అందులో వేసి ఉంటారు. జ్వరం సంగతి తెలియని కాకినాడ డాక్టరుకు ఆయన ఏ కారణమూ లేని మనిషి.

అంటే ఈ చిక్కుముడిలో ముఖ్యమైన సమాచారం ఏ స్కాన్‌లోనూ లేదు, మీ దగ్గరే ఉంది. ఆ వారంలో ఆయన నిజంగా ఎంతసేపు లేచి తిరిగారు? అరుగు మీద కూర్చునేవారా, పూర్తిగా పడకేనా? అంతకుముందు దూర ప్రయాణం ఏమైనా చేశారా? మీ ఇంట్లో ఇంకెవరికైనా గడ్డ కట్టిందా? అమ్మగారిని కూడా అడిగి ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరు డాక్టర్లకూ అదే కాగితం చూపించండి.

అప్పుడు మీ ముందు మూడు దారులుంటాయి. మాత్రలు ఆపేస్తే రక్తస్రావం భయం పోతుంది. గడ్డ మళ్లీ వచ్చే ముప్పు మిగులుతుంది, పైగా మొదటిసారి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినవాళ్లకు రెండోసారి కూడా అక్కడికే వెళ్లే అవకాశం ఎక్కువ. మీ ఊరికి వరదల్లో పడవ తప్ప దారి లేదన్నారు కదా, ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి, పుస్తకాల్లోని లెక్కల్లో అది ఉండదు. పూర్తి మోతాదు కొనసాగిస్తే గడ్డ నుంచి రక్షణ బాగుంటుంది కానీ చెట్టు మీంచి జారినా, కత్తి తగిలి తెగినా, కడుపులో పుండున్నా రక్తం ఆగడం కష్టం. మధ్య దారి కూడా ఉంది: ఆరు నెలల తర్వాత తగ్గించిన మోతాదు, అపిక్సబాన్ 2.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు గానీ, రివరోక్సబాన్ 10 మి.గ్రా. రోజుకొకసారి గానీ. ఈ మోతాదులు గడ్డను బాగా ఆపుతాయని, పెద్ద రక్తస్రావాలు పెద్దగా పెంచవని 2013లో, 2017లో వచ్చిన పెద్ద పరిశోధనలు చూపించాయి. కిడ్నీ పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. ఎసిట్రోమ్‌కు ఇలా మోతాదు తగ్గించే పద్ధతి పనికిరాదు. ఐఎన్‌ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాల్సిందే, మునగాకు, తోటకూర, గోంగూర ఒకరోజు పళ్లెం నిండా తిని వారమంతా మానేయడం కుదరదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. నన్నడిగితే మీ నాన్నగారికి మధ్య దారి గురించి గట్టిగా ఆలోచించమంటాను. నేను ఆయన్ని చూడలేదు కాబట్టి అంతవరకే.

ఏ దారిలో వెళ్లినా, మాత్ర వాడుతున్నంత కాలం మోకాలి నొప్పికి ఊళ్లో డైక్లోఫెనాక్ ఇంజక్షన్ వేయించకండి. మన వైపు తుంటి మీద నొప్పి సూది వేయించుకోవడం టీ తాగినంత మామూలు. రక్తం పలచబడే మాత్రతో కలిస్తే సూది వేసిన చోట లోపల రక్తం గూడుకట్టొచ్చు, కడుపులోనూ రక్తస్రావం కావచ్చు. మలం నల్లగా వస్తే ఆలస్యం చేయొద్దు.

సాయంత్రం పొంగు సంగతి. గడ్డ వచ్చిన కాళ్లలో నూటికి 20 నుంచి 50 మందికి తర్వాత ఇలాంటి వాపు, బరువు మిగిలిపోతాయి. సిర లోపలి కవాటాలు దెబ్బతిని రక్తం కిందికి దిగిపోవడం ఒక ముఖ్య కారణం. ఆరు నెలల తర్వాత డాప్లర్‌లో పాత గడ్డ కనబడటం సగానికి సగం మందిలో మామూలే. రాత్రి కాలు ఎత్తు మీద పెట్టుకుంటే పొద్దుటికి తగ్గుతోందని రాశారు కాబట్టి ఇది అదే అయ్యుండొచ్చు. మోకాలి దాకా వచ్చే బిగుతు సాక్సులు వేసుకుని, రోజూ తోటలో నడిస్తే హాయిగా ఉంటుంది. అయితే ఉన్నట్టుండి వాపు పెరిగి రాత్రికి కూడా తగ్గకపోతే మళ్లీ డాప్లర్ తీయించాలి. అందుకే ఇప్పటి డాప్లర్ రిపోర్టులో, నొక్కినప్పుడు సిర ఎన్ని మిల్లీమీటర్లు ఉందో ప్రతి చోటా రాయమని అడగండి. రేపు తీసినదాంట్లో 4 మి.మీ. లేదా అంతకు మించి పెరిగితే కొత్త గడ్డ అని అనుమానిస్తారు. అప్పటికీ తేలకపోతే ఎమ్మారైలో ఒక పద్ధతి ఉంది. కొత్త గడ్డలో రక్తం మారే తీరును అది సూది లేకుండానే పట్టుకుంటుంది, కొన్ని నెలలకు ఆ గుర్తు చెదిరిపోతుంది. నెదర్లాండ్స్ డాక్టర్లు 2020లో దాని మీద మంచి ఫలితాలు ప్రచురించారు. పాత, కొత్త తేల్చాలన్న తమ్ముడి పట్టుదలకు ఇవాళ దొరికే జవాబు ఇదే, పెట్ స్కాన్ కాదు. అన్నిచోట్లా ఆ అనుభవం ఉండదు కాబట్టి రేడియాలజిస్టుని ముందే అడగాలి.

ఇక ఆ మూడు వారాలు. గోదావరి జిల్లాల్లో ఒక్క కాలు వాచిందంటే తరాలుగా మన బుర్రలో మెదిలేది బోదకాలే. క్యూలెక్స్ దోమ, రాత్రిపూట రక్తం తీసే సర్వే, బోదకాలు రాకుండా ఊరంతటికీ పంచిన డీఈసీ మాత్రలు చూసి పెరిగినవాళ్లం. బోదకాలు నెలల మీద, ఏళ్ల మీద పెరుగుతుంది, గడ్డ రోజుల్లో వాస్తుంది. ఆ తేడా ఆర్‌ఎంపీకి తట్టలేదు, మీకు తట్టకపోవడంలో వింత లేదు. మొదటి వారంలోనే డాప్లర్ తీసుంటే మేలు జరిగేదా? జరిగేదేమో, ఊపిరితిత్తుల దాకా వెళ్లకుండా ఆగేదేమో. మీరు తప్పించుకోవాలని చూడటం లేదు కాబట్టి మీకు ఆ మాట దాచను. ఆయాసం వచ్చిన రోజు ఆయన్ని రాజమండ్రి చేర్చింది కూడా మీరే.

తమ్ముడికి వాట్సాప్ వద్దు, ఫోన్ చేయండి. వాదన గెలవాలని చేయకండి. మూడు వారాల మాట గుచ్చుకుందని ఒక్కసారి చెప్పేసి, పని అప్పజెప్పండి. రిపోర్టులన్నీ స్కాన్ చేసి అతనికి పంపండి. రెండో డాక్టరుతో వీడియో కన్సల్టేషన్‌కు అతనే టైము తీసుకోవాలి, జ్వరం కాగితం అతనే చదివి వినిపించాలి, ఎమ్మారై గురించి అతనే అడగాలి. దూరంగా ఉన్నవాళ్లకు చేతిలో పని లేకపోతే డబ్బుతోనో స్కాన్‌తోనో ఆ లోటు పూడ్చుకోవాలనిపిస్తుంది. అతను ఒప్పుకోకపోవచ్చు. వైజాగ్ స్కాన్‌కే పట్టుబడితే, నాన్నగారు వెళతానంటే, వెళ్లినందువల్ల కొంప మునగదు. కొంత రేడియేషన్, ఒక రోజు ప్రయాణం, మోకాలు మెరిసిందనో గ్రంథి మెరిసిందనో ఇంకో నాలుగు పరీక్షలు. ఆయన వద్దంటే మాత్రం ఎవరూ బలవంతం చేయకూడదు.

ఇంకొక్క సంగతి, ఇది మీ ఇద్దరికీ. తల్లిదండ్రుల్లో ఒకరికి ఇలా గడ్డ వస్తే పిల్లలకు ముప్పు కొంచెం పెరుగుతుంది. జన్యు పరీక్షలకు పరుగెత్తక్కర్లేదు. మీరు గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, వాడాలనుకున్నా నాన్నగారి సంగతి మీ డాక్టరుకు చెప్పండి. తమ్ముడు అక్కడి డాక్టరుకు చెప్పాలి. సెలవులకు ఇక్కడికి బయల్దేరినప్పుడు విమానంలో నీళ్లు బాగా తాగుతూ, మధ్యమధ్య లేచి నడవమనండి.